సుద్దపొడి మీద గీత

ఆ షెడ్డుకి బోర్డు లేదు. ఎప్పుడో ఒకటి ఉండేదట, గాలివానకి ఎగిరిపోతే మళ్ళీ పెట్టించుకోలేదు. అవసరమూ పడలేదు. కొండ దారుల్లో తిరిగే జీపు ఉన్న ప్రతివాడికీ ఆ షెడ్డు తెలుసు. సుద్దమేస్త్రి ఎక్కడుంటాడని ఎవరినడిగినా పెట్రోలు బంకు వెనక సందు చూపిస్తారు. రేకుల కప్పు, నూనె ఇంకి నల్లబడిన సిమెంటు నేల, గోడ పొడవునా మేకులు, ఒక్కో మేకుకీ ఒక్కో పానా. ఏ పానా ఏ మేకుకి ఉండాలో అక్కడే ఉండాలి. ఒక్కటి అటూ ఇటూ అయిందంటే మేస్త్రి ఇల్లు పీకి పందిరి వేసేస్తాడు. షెడ్డు వెనక తలుపు తీస్తే ఇల్లే, రెండు గదులూ ఒక వంటిల్లూ. పొయ్యి దగ్గర నిలబడి చూస్తే జాకీ మీద లేచిన బండి చక్రాలు కనిపిస్తాయి.

ఆయనకి సుద్దమేస్త్రి అనే పేరు ఎందుకొచ్చిందో ముందే చెప్పేయాలి. చెప్పకపోతే తరవాత జరిగినదాంట్లో ఎవరి తప్పు ఎంతో తేలదు.

ఆయన బాగుచేసేవి పాతకాలపు జీపులు. రాళ్ళూ వాగులూ లెక్కచేయకుండా ఎక్కేస్తాయి గానీ, వాటిని తయారుచేసే కంపెనీ ఆ పని మానేసి చాలా ఏళ్ళయింది. కొత్త సామాను దొరకదు. జీపు వెనక ఇరుసు గొట్టంలో, కుడివైపు ఒకటీ ఎడమవైపు ఒకటీ, చేతికర్ర లావున రెండు ఉక్కు కడ్డీలుంటాయి. షాఫ్టులంటారు. ఇంజను బలాన్ని చక్రం దాకా మోసుకెళ్ళేవి అవే. అది విరిగిందంటే పాత ఇనప కొట్ల వెంట తిరిగి, ఇంకే చచ్చిన బండిలోంచో తీసిన షాఫ్టు తెచ్చి వేయాల్సిందే. మరి ఆ చచ్చిన బండి ఎన్ని గోతుల్లో పడిందో, ఎన్ని బండల్ని గుద్దుకుందో ఎవడికి తెలుసు? పైకి నిగనిగలాడుతుంది, లోపల సన్నటి పగులు ఉంటుంది.

ఆ పగులు పట్టుకోవడానికే సుద్ద. తెచ్చిన షాఫ్టుని ఒక రాత్రంతా కిరసనాయిల్లో నానబెడతారు. పొద్దున్నే తీసి, పొడిగుడ్డతో చుక్క తడి లేకుండా తుడుస్తారు. దాని మీద సుద్దపొడి పల్చగా పూసి, నీడలో పెట్టి, పక్కన కూర్చుని చూస్తారు. కంటికి ఆనని పగులు ఎక్కడైనా ఉంటే, అందులో దూరిన కిరసనాయిలు మెల్లగా బయటికి ఊరి, తెల్లటి పొడి మీద తడి గీత గీస్తుంది. గీత వస్తే షాఫ్టు తుక్కులోకి. రాకపోతే బండిలోకి. మధ్యలో ఇంకో మాట లేదు. ఇది ఆయన తన గురువు దగ్గర నేర్చుకున్న పని. మిగతా షెడ్లవాళ్ళు నవ్వేవాళ్ళు. ఇనుముకి పౌడరు రాసి ముస్తాబు చేస్తున్నాడనీ, ఇక బొట్టూ కాటుకా పెట్టడమే తరువాయనీ. నవ్వనీ, ఈ సంగతి జరిగే దాకా ముప్పై ఏళ్ళలో ఆయన వేసిన షాఫ్టు విరిగి కొండ మీద మనిషి చిక్కుకున్న రోజు ఒక్కటీ లేదు. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పుకోలేదు గానీ లోపల మాత్రం చాలా గట్టిగా దాచుకున్నాడు.

మూడేళ్ళ కిందట కళ్ళు మొరాయించాయి. వయసులో ఉండగా అద్దం పెట్టుకోకుండా వెల్డింగు చేసిన పాపం ఊరికే పోతుందా! కంటి డాక్టరు దీపం వేసి చూసి, వెనక పొర దెబ్బతిందనీ, కళ్ళజోడుతో లాభం లేదనీ చెప్పేశాడు. గుడ్డివాడు కాలేదు. మనిషి కనిపిస్తాడు, బండి కనిపిస్తుంది, ఎదురుగా గోడ కనిపిస్తుంది. కానీ దేని మీద చూపు నిలిపితే సరిగ్గా అక్కడే మసక. అక్షరం చదవలేడు, సూదిలో దారం ఎక్కించలేడు. బోల్టులు విప్పడానికి ఆయనకి కళ్ళెందుకు, వేళ్ళున్నాయి. పళ్ళచక్రాల అరుగుదల గోటితో చెప్పేస్తాడు. గీత ఒక్కటే వేళ్ళకి అందదు.

ఈ సంగతి ఇద్దరికే చెప్పాడు, ఇంటావిడకీ తమ్ముడికీ. కళ్ళు పోయిన మెకానిక్కు దగ్గరికి బండి తెచ్చే పిచ్చివాడెవడని ఆయన భయం. తమ్ముడు ఆయనకంటే పద్నాలుగేళ్ళు చిన్న. పానా పట్టుకోవడం దగ్గర్నించి అన్నీ ఈయనే నేర్పాడు. ఇప్పుడు నలభై దాటాయి. పనిమంతుడే, కాదనడానికి లేదు. నోరు మంచిది, వచ్చినవాణ్ణి మాటల్లో పెట్టి కూర్చోబెట్టగలడు. ఒక్క కూర్చునే పని మాత్రం వాడివల్ల కాదు. సుద్ద పూసిన షాఫ్టు పక్కన ముప్పావుగంట కదలకుండా ఉండమంటే నిప్పుల మీద కూర్చోబెట్టినట్టే ఉంటాడు. అయినా ఆ రోజు అన్న చెయ్యి పట్టుకుని, "ఇక నించి గీత నేను చూస్తాలే అన్నయ్యా, నువ్వు దిగులు పెట్టుకోకు" అన్నాడు. మేస్త్రి ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయాడు.

అప్పట్నించీ అదే పద్ధతి. మేస్త్రి ముక్కాలి పీట మీద కూర్చుంటాడు. తమ్ముడు షాఫ్టు మీదికి వంగుతాడు. చాలాసేపటికి మేస్త్రి "గీత?" అంటాడు. "లేదన్నయ్యా" అంటాడు తమ్ముడు. ఇంకాసేపు ఆగి మళ్ళీ అడుగుతాడు. మళ్ళీ లేదంటాడు. రెండుసార్లు లేదంటేనే బండిలోకి. మూడేళ్ళలో పందొమ్మిది షాఫ్టులు ఆ మాట మీదే వెళ్ళాయి.

అందులో పద్దెనిమిదోది అయిదు నెలల కిందట సర్వేయరమ్మ జీపుకి వేసింది. కొండల మీద భూములు కొలిచే ఉద్యోగం ఆవిడది. జీపు తనే నడుపుతుంది, వెనక ఇద్దరు సహాయకులూ కొలత సామానూ. ఇరవై ఏళ్ళుగా ఆ బండి మీద మేస్త్రి చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు. ఎవరైనా వేరే షెడ్డు పేరు చెబితే పెదవి విరిచేస్తుంది.

ఒక రోజు ఉదయం ఆ జీపు కుంటుకుంటూ సందులోకి వచ్చింది. చప్పుడు వినగానే మేస్త్రి లేచి నిలబడ్డాడు. వెనక చక్రాలకి బలం అందట్లేదనీ, ముందు చక్రాలే బండిని లాగుతున్నాయనీ చెవికే తెలిసిపోయింది. సర్వేయరమ్మ దిగి, తాపీగానే చెప్పింది. నిన్న మధ్యాహ్నం నిట్టనిలువు ఎత్తులో ఉండగా వెనక టక్కుమంది. ఇంజను అరుస్తోంది, బండి ఎక్కదు. పైగా వెనక్కి జారడం మొదలెట్టింది. హ్యాండ్‌బ్రేకు వేస్తే పట్టలేదు. ఆ జీపులో హ్యాండ్‌బ్రేకు పట్టుకునేది చక్రాల్ని కాదు, ఇంజను నించి వెనక ఇరుసుకి వెళ్ళే వేరే కడ్డీని. రెండు షాఫ్టుల్లో ఒక్కటి విరిగినా ఆ పట్టు ఏ చక్రానికీ అందదు, ఇక అది ఎవర్ని పట్టుకుంటుంది! రెండు కాళ్ళతో బ్రేకు తొక్కిపట్టి కూర్చుంటే, సహాయకులిద్దరూ దూకి చక్రాల వెనక బండలు పెట్టారట. చక్రానికీ లోయకీ మధ్య రెండు బారల నేల మిగిలింది.

ఇదంతా చెప్పి ఆవిడ చివర్న ఒక మాట అంది. "మీరు చూసి వేసిన షాఫ్టు కదా మేస్త్రీ, దాన్ననడానికి లేదు. నేనే ఎక్కడో మొరటుగా తొక్కి ఉంటాను."

మేస్త్రికి ఆ మాట మంచినీళ్ళు తాగినట్టు అనిపించింది. తప్పెవరిదో తేలిపోయింది కదా! తమ్ముణ్ణి ఇంకో షాఫ్టు కోసం ఇనప కొట్లకి పంపించి, తను జీపు కింద దూరాడు.

ఈ రకం ఇరుసుకి చక్రం ఊడదీయక్కర్లేదు. చక్రం మధ్యలో షాఫ్టు తల బయటికే ఉంటుంది. ఎనిమిది బోల్టులు విప్పి, రెండు దెబ్బలు వేసి లాగితే షాఫ్టు మొత్తం నల్లటి గేరాయిలు కారుస్తూ బయటికొస్తుంది. వచ్చింది, కానీ మూరెడు తక్కువ. ఆ మూరెడు ముక్క ఇరుసు మధ్యలో, పళ్ళచక్రాల గుండులో ఇరుక్కుని ఉండిపోయింది. దాన్ని బయటికి తీయాలంటే చాలామంది ఇరుసంతా దించేసి రెండ్రోజులు కూర్చుంటారు. మేస్త్రి ఒక సన్నటి ఇనప గొట్టం తీసుకుని, దాంట్లోంచి తీగ మడిచి పంపి, చివర ఉచ్చు చేశాడు. ఆ గొట్టాన్ని చీకట్లోకి తోసి, కళ్ళు మూసుకుని, ముక్క మొన ఎక్కడ తగులుతుందో వేళ్ళతో విన్నాడు. ఉచ్చు జారింది, బిగించాడు, మెల్లగా తిప్పుతూ లాగాడు. పావుగంటలో ముక్క అరచేతిలోకి వచ్చి పడింది. పక్కన నిలబడ్డ సర్వేయరమ్మ చప్పట్లు కొట్టింది. ఆయన సిగ్గుపడుతూ ముక్కని పెట్రోలుతో కడిగాడు.

ఆయనకొక అలవాటు. ఏది విరిగినా ఆ ముక్కని బండి యజమాని చేతిలో పెట్టి, ఇదిగో ఇక్కడ విరిగింది, ఇందుకు విరిగింది అని చెబుతాడు. విరిగిన ముఖం అబద్ధం ఆడదంటాడు. ఒక్క దెబ్బకి విరిగితే ముఖమంతా గరుకుగా, పంచదార రేణువుల్లా మెరుస్తూ ఉంటుంది. పాత పగులు పెరిగి పెరిగి విరిగితే, పగిలిన మేర నున్నగా అరిగి ఉంటుంది. ఆవిడకి అదే చెప్పబోతూ బొటనవేలితో ముఖం తడిమాడు. కొంత గరుకు. ఆ తరవాత వేలు జారింది. అరచందమామ మేర నున్నగా ఉంది.

మళ్ళీ తడిమాడు. అదే నునుపు.

పగులు ఈ అయిదు నెలల్లో పుట్టిందేమో అనుకున్నాడు. అలా కూడా జరుగుతుంది, ఎవరి తప్పూ కాదు. ముక్కని ఆవిడకి అందించి, ఆ నున్నటి చోట ఏ రంగు ఉందో చూసి చెప్పమన్నాడు. వెలుతురు చాలట్లేదని ఏదో సాకు చెప్పాడు. ఆవిడ ముక్కని ఎండలోకి తీసుకెళ్ళి చూసింది.

"సగం వెండిలా ఉంది. ఈ నున్నటి పక్క గోధుమరంగు. తుప్పులా ఉంది మేస్త్రీ."

ఆయన ముక్క వెనక్కి తీసుకున్నాడు. నూనెలో మునిగి ఉన్న ఇనుముకి తుప్పు పట్టదు. ఆ షాఫ్టు ఇరుసులోకి వెళ్ళిన రోజు నించీ నూనెలోనే ఉంది. పగులులో తుప్పు ఉందంటే, అది లోపలికి వెళ్ళకముందు, ఏ ఇనప కొట్లోనో వానకి తడుస్తున్నప్పుడే ఆ పగులు ఉంది. అంత పగులు ఉన్న షాఫ్టుని కిరసనాయిల్లో నానబెట్టి సుద్ద పూస్తే గీత రాకుండా ఎలా ఉంటుంది? గీత వచ్చి తీరాలి. రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ లేదన్నాడు.

ఆయన అప్పుడు ఆవిడతో ఏమీ చెప్పలేదు. రేపు ఉదయం రమ్మని పంపించేశాడు. 

మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. ఇంటావిడ గుచ్చిగుచ్చి అడిగితే చెప్పాడు. ఆవిడ చాలాసేపు ఆలోచించి, వాడు చూసి ఉండడు అంది. సుద్ద పూసి ఏ ఫోనులోనో తల దూర్చి, నువ్వడిగితే తూతూమంత్రంగా లేదనేసి ఉంటాడు, కుదురు లేనివాడు కదా, అంతేగానీ చూసి కూడా నీతో అబద్ధం చెప్పేటంతటివాడు కాదు అంది. మేస్త్రి ఆ మాటని గట్టిగా పట్టుకున్నాడు. చూడకపోవడం నిర్లక్ష్యం. నాలుగు చీవాట్లు పెట్టొచ్చు, ఏడిపించొచ్చు, మళ్ళీ దారిలో పెట్టుకోవచ్చు. తమ్ముడు చూడలేదనే మాట వాడి నోటి వెంట వినాలని, సాయంత్రం దాకా ఆయన ఎదురుచూసినంతగా జీవితంలో దేనికీ ఎదురుచూడలేదు.

ఎండ తగ్గుతుండగా తమ్ముడు భుజం మీద షాఫ్టుతో వచ్చాడు. మూడు కొట్లు తిరిగాననీ, ఒకడు తలుపు కూడా తీయలేదనీ, అదృష్టం బాగుండి దొరికిందనీ ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోతున్నాడు. మేస్త్రి విరిగిన ముక్క వాడి చేతిలో పెట్టాడు. పెట్టి, ఆ రోజు నువ్వు చూడలేదు కదా అని అడిగాడు. అడిగే తీరులోనే జవాబు కూడా అందించాడు పాపం. తప్పించుకోవడానికి అంతకన్నా పెద్ద తలుపు ఎవరు తెరుస్తారు?

తమ్ముడు ముక్కని అటూ ఇటూ తిప్పాడు.  తరవాత, ఎందుకనో, నిజం చెప్పాడు.

"చూశానన్నయ్యా. గీత ఉంది. వెంట్రుకంత."

"మరి లేదన్నావు."

"ఆవిడ అప్పటికి మూడు వారాలుగా బండి కోసం చూస్తోంది. ఉందంటే నువ్వు తీసి అవతల పడేస్తావు, మళ్ళీ నేను కొట్లన్నీ తిరగాలి. పైపైన గీతేలే అనుకున్నా."

"నాకు కనిపించదని నీకు తెలుసు."

"తెలుసు" అన్నాడు తమ్ముడు. తల దించుకునే మళ్ళీ అన్నాడు. "నువ్వు షాఫ్టుకేసి చూడవన్నయ్యా. నా మొహంకేసి చూస్తుంటావు. అలా చూస్తుంటే లేదనడం చాలా తేలిక."

మేస్త్రి గట్టిగా అరిచే మనిషి. పానా మేకు మారితేనే సందు మొదటి దాకా వినిపిస్తుంది. ఆ పూట మాత్రం పీట లాక్కుని కూర్చున్నాడు.  ఇంత ద్రోహం ఏ శత్రువో చేసి ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికైనా ఉండేది. తన కళ్ళు వీడేనని మూడేళ్ళుగా ఎంత ధీమాగా ఉన్నాడు! ఆ కళ్ళు చూసి కూడా చూడలేదన్నాయి. అదీ తనకి తెలిసే వీల్లేదని బాగా తెలిసే అన్నాయి.

ఇంకెన్నిటికి ఇలా చేశావని అడిగాడు. ఆ ఒక్కదానికేనని తమ్ముడు ఒట్టు పెట్టుకున్నాడు. ఒక్కదానికే అయి ఉండొచ్చు. కాకపోనూవచ్చు. అప్పుడు తెలిసింది మేస్త్రికి, పోయింది ఒక షాఫ్టు కాదని. మిగతా పద్దెనిమిదీ ఏమిటో చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు, వాడేమో వీడు. వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్న ఇంటావిడ లోపలికి వెళ్ళిపోయింది. ఏళ్ళ తరబడి వాడికి వండి పెట్టిన మనిషి ఆవిడ.

అన్నదమ్ములిద్దరూ కొత్తగా తెచ్చిన షాఫ్టుని కిరసనాయిలు తొట్టెలో పెట్టారు.

తెల్లవారాక మేస్త్రి మొదట చేసిన పని ఫోను పట్టుకోవడం. ఇంటావిడ నంబర్లు చదివింది, ఆయన మాట్లాడాడు. మూడేళ్ళలో తన దగ్గర షాఫ్టు వేయించుకున్న ప్రతి ఒక్కరికీ ఒకటే మాట. బండి ఎత్తు ఎక్కించవద్దు, సమతలం మీదే నడిపి షెడ్డుకి తీసుకురండి, విప్పి మళ్ళీ చూడాలి. ఎందుకని అడిగినవాళ్ళకి కళ్ళ సంగతి కూడా చెప్పేశాడు. కొందరు అయ్యో అన్నారు. కొందరు ఆయన వినేలాగే పక్కవాళ్ళతో బూతులు తిట్టారు. తమ్ముడు షెడ్డులో అటూ ఇటూ తిరుగుతూ, ముప్పై ఏళ్ళ పేరు ఒక్క పూటలో గంగలో కలుపుతున్నావని గొణిగాడు. మేస్త్రి తరవాతి నంబరు చదవమన్నాడు.

సర్వేయరమ్మ వచ్చేసరికి ఎనిమిదయింది. ఆవిడకి ఫోనులో చెప్పలేదు. ఎదురుగా నిలబెట్టి, ముక్క చేతికిచ్చి, గోధుమరంగు అంటే అర్థమేమిటో చెప్పాడు. గీత ఉండీ లేదన్నారని చెప్పాడు. తన కళ్ళు కనిపించవనీ చెప్పాడు. తమ్ముడు పక్కనే ఉన్నాడు, కదల్లేదు. మేస్త్రి అనుకున్నదేమిటంటే ఆవిడ తమ్ముడి మీద విరుచుకుపడుతుందని. ఆవిడ వాడివైపు చూడనైనా చూడలేదు.

"మూడేళ్ళుగా మీరు చూడట్లేదా?"

"మావాడు చూస్తున్నాడనే ధైర్యం అమ్మా."

"మీకు ఆయన మీద ధైర్యం. నాకు మీరు చూశారనే కదా ధైర్యం. పిల్లలున్న ఆ ఇద్దరు మనుషుల్ని వెనక కూర్చోబెట్టుకుని ఎక్కానంటే మీరు చూశారనే కదా ఎక్కాను. ఒక్కమాట చెప్పి ఉండాల్సింది మేస్త్రీ."

 నిన్నటి నించీ తమ్ముడి మీద మండుతున్న కోపమంతా ఒక్కసారి తన మీదికే తిరిగింది. తనకి జరిగిందే తను కూడా ఆవిడకి చేశాడు, కాకపోతే తనది భయం వల్ల. వాడిది బద్ధకం వల్ల. లోయ అంచున జారుతున్న బండికి ఆ తేడా తెలుస్తుందా ఏమిటి? క్షమించమని అడగడానికి కూడా ముఖం చెల్లలేదు. ఆవిడ ముక్క తిరిగి ఆయన చేతిలో పెట్టి, కొత్తది ఎక్కడుంది, చూడండి మరి అంది.

తమ్ముడు తొట్టెలోంచి షాఫ్టు తీశాడు. తుడిచాడు, ఇంకో గుడ్డ తీసుకుని మళ్ళీ తుడిచాడు. సుద్దపొడి పూశాడు. పూసి, ఫోను తీసి కిటికీలో పెట్టేసి, షాఫ్టు పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో వాడు అంతసేపు కదలకుండా కూర్చోవడం ఎవరూ చూడలేదు. పావుగంట అయింది, అరగంట అయింది. సర్వేయరమ్మ బానెట్టుకి ఆనుకుని నిలబడింది. మేస్త్రి ఈసారి తమ్ముడి మొహంకేసి చూడలేదు. నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. అడగనూ లేదు.

అడక్కుండానే తమ్ముడు అన్నాడు. "ఉందన్నయ్యా. గీత ఉంది. షాఫ్టు కొనన పళ్ళున్నాయే, వాటికి రెండు వేళ్ళ ఇవతల."

సర్వేయరమ్మ గబగబా వచ్చి వంగింది. దూరాన ఉన్న కర్ర మీది అంకెల్ని యంత్రంలోంచి చదివే కళ్ళు ఆవిడవి. ఆ చోటంతా పట్టి పట్టి చూసింది. అటు తిరిగి చూసింది, ఇటు తిరిగి చూసింది.

"నాకేమీ కనిపించట్లేదు మేస్త్రీ."

"ఇందాక ఉందండీ" అన్నాడు తమ్ముడు. "సన్నగా వచ్చింది. గాలికి ఆరిపోయినట్టుంది. అన్నయ్యా, నిజంగా చూశాను."

మేస్త్రి లేచి షాఫ్టు దగ్గరికి వెళ్ళాడు. సుద్ద మీద బొటనవేలు పెట్టి జరిపాడు. వేలికి పొడి అంటింది, ఇంకేమీ తెలియలేదు. తెలియదని ఆయనకీ తెలుసు. వీడు చెప్పింది నిజమైతే ఆ షాఫ్టు మనుషుల్ని చంపుతుంది. నిజం కాకపోతే, నిన్నటి మచ్చ కడుక్కోవడానికి లేని గీత గీశాడన్నమాట. నిన్న ఉన్నదాన్ని లేదన్నవాడికి ఇవాళ లేనిదాన్ని ఉందనడం ఏం కష్టం? మళ్ళీ నానబెట్టి చూద్దామన్నా, వెంట్రుకంత గీత రెండోసారి కనిపించకపోతే అప్పుడేమనుకోవాలి? తల పగిలిపోయేటంతగా ఆలోచించాడు. వాడి గొంతు విన్నాడు, వాడి ఊపిరి విన్నాడు. చిన్నప్పట్నించీ ఎరిగిన గొంతే. అందులో ఏది అబద్ధమో ఏది నిజమో ఒకప్పుడు ఇట్టే చెప్పగలననుకునేవాడు.

షాఫ్టుని రెండు చేతులా ఎత్తి, తీసుకెళ్ళి తుక్కు కుప్పలో పడేశాడు.

సర్వేయరమ్మ ఏమీ వాదించలేదు. ఇంకోటి దొరికితే కబురు చేయమంది. ఈసారి చూసేటప్పుడు మొదటి నించీ తను కూడా పక్కనే కూర్చుంటానంది. బండి తాళాలు బల్ల మీద పెట్టి, సందు చివరి దాకా నడిచి వెళ్ళిపోయింది. తాళాలు వదిలి వెళ్ళింది కదా అని మేస్త్రి ఆ పూటకి దాన్నే పెద్ద దయ అనుకున్నాడు.

తమ్ముడు తుక్కు కుప్ప దగ్గరే నిలబడి ఉన్నాడు. వాడి మొహం ఎలా ఉందో మేస్త్రికి కనిపించలేదు గానీ, గొంతులో మాత్రం ఏదో తేరుకున్నట్టు వినిపించింది.

"నా మాట నమ్మావు కదన్నయ్యా."

"నమ్మి పడేయలేదురా, భయపడి పడేశాను" అన్నాడు మేస్త్రి. "నిన్నటి దాకా నువ్వు లేదంటే లేదనే. ఇప్పుడు నువ్వు ఉందన్నా లేదన్నా నాకు ఒకటే."

"నిజంగానే ఉందన్నయ్యా. ఒట్టు."

"ఉండే ఉంటుంది" అన్నాడు మేస్త్రి. అని, తరవాతి జీపు వచ్చే లోపల జాకీ సరిచేయడానికి వెళ్ళాడు.